ఆ దారి నేను కారులో చూసి రాశాను

రెండేళ్ళ కిందట ఇదే పత్రికలో నేనొక వ్యాసం రాశాను. కోనసీమలో శని, ఆదివారాలు పిల్లాపాపలతో నెమ్మదిగా సైకిళ్ళు తొక్కుకుంటూ తిరగాలనుకునేవాళ్ళు ఎక్కడ బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ పడుకోవాలి అని అందులో వివరంగా చెప్పాను. మీలో ఎవరి దగ్గరైనా అది ఇంకా ఉంటే చించెయ్యండి. ఫోనులో దాచుకుని ఉంటే తీసెయ్యండి. అందులో భోజనం గురించి రాసిన పేరా ఒక్కటే నిజం. ఆ పేరా రాసే హక్కు మాత్రం నాకు లేదు.

అప్పుడేం జరిగిందో ముందే చెప్పేస్తాను. హైదరాబాదులో మాదొక చిన్న సైకిలు బృందం. పరుగుపందేలు కాదు, షికారు అని చెప్పుకుంటాం. కోనసీమ యాత్రకు దారి గీసింది నేనే. డిసెంబరులో ఒక ఉదయం అద్దెకారులో, అద్దాలు ఎత్తుకుని, రాజోలు నుంచి అంతర్వేది దాకా వెళ్ళి చూసివచ్చాను. ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు. ఇంకేం కావాలి? మార్చిలో ఒక శనివారం ఒంటిగంటకు బయల్దేరి, గోదావరి సముద్రంలో కలిసేచోట సూర్యాస్తమయం చూడాలని నిర్ణయించేశాను.

రాజోలు దగ్గర ఒక ఊళ్ళో కరుణ అనే హైస్కూలు టీచరు తోటి ఆడవాళ్ళను కూడగట్టి శనివారాలు సైకిళ్ళు తొక్కిస్తున్నారని విని, ఆవిడ బృందాన్ని కూడా కలుపుకున్నాం. అందులో కరుణగారి ఆడపడుచు శాంత ఉంది. నలభై దాటాక సైకిలు నేర్చుకున్న మనిషి. మా ఊరు వచ్చినవాళ్ళకు రాత్రి భోజనం మేమే పెడతామని ఆ ఆడవాళ్ళు పట్టుబట్టారు. అంతర్వేదిలో తినడానికి అన్నం, కోడికూర కేరేజీల్లో సర్ది హ్యాండిళ్ళకు తగిలించుకున్నారు.

మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురొచ్చింది. నాది గేర్ల సైకిలు. సూర్యుడి ఫొటో కోసం అందరికంటే ముందు వెళ్ళిపోయాను. వెనక ఎక్కడో ఒక రొయ్యల లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు శాంతగారి కేరేజీ ఊగి ముందుచక్రంలో ఇరుక్కుంది. ఆవిడ రోడ్డు దిగువకు పడిపోయింది. మణికట్టూ భుజం ఎముకా విరిగాయి. కరుణగారు ఆవిడతో ఆసుపత్రికి వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ, అతిథులు ఆకలితో ఉంటారని మిగతా కేరేజీలన్నీ ఒక ఆటోలో మాకు పంపించారు.

నేను ఆటోలోంచి కేరేజీలు దింపాను. మూతలు తీశాను. తిన్నాను. చెయ్యి కడుక్కున్నాక అడిగాను, వాళ్ళంతా ఏరీ అని.

తర్వాత వ్యాసంలో ఇలా రాశాను: 'స్థానికులు కొందరు మా సూచనలు పాటించకుండా హ్యాండిళ్ళకు బరువులు తగిలించుకోవడంతో చిన్న అపశ్రుతి చోటుచేసుకుంది.' అది అబద్ధం. బరువులు తగిలించుకోవద్దని నేను ఎవరికీ చెప్పలేదు. కేరేజీలు కట్టుకుంటుంటే చూసి, ఏం కూర అని అడిగాను.

మొన్న గుంటూరు నుంచి ఒకాయన ఉత్తరం రాశాడు. నా వ్యాసం పట్టుకుని భార్యతో, ఇద్దరు పిల్లలతో ఆ దారిలో వెళ్ళాడట. సగం దారిలో భార్యకు వడదెబ్బ తగిలి, ఎవరో లోపలికి పిలిచి పడుకోబెడితే బయటపడ్డారట. చివర ఒకే ఒక ప్రశ్న వేశాడు. 'మీరు తొక్కినప్పుడు మీ వెనక ఎవరైనా ఉన్నారా?'

ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. కరుణగారికి ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పాను. "రండి" అని పెట్టేశారు.

శుక్రవారం రాత్రి నరసాపురం రైలు ఎక్కాను. స్లీపరు టికెట్టు వారం ముందు తీసుకుంటే దొరికింది. సొంత సైకిలు తీసుకెళ్ళలేదు. తీసుకెళ్ళేవాళ్ళు పార్సిలు ఆఫీసుకు బాగా ముందు వెళ్ళండి, మీ బండి మీ రైల్లోనే ఎక్కిందో లేదో కళ్ళతో చూసుకోండి. శనివారం పొద్దున్న దిగి, స్టేషను దగ్గర ఇడ్లీ తిని, బజారులో ఒక సైకిలు షాపులో మామూలు సైకిలు అద్దెకు తీసుకున్నాను.

"గేర్లున్నాయాండీ?" అని అడిగాను.

"గేర్లు లేవండి. బ్రేకులున్నాయండి. ఒకటి" అన్నాడు షాపాయన.

రెండోది కూడా వేయించుకుని బయల్దేరేసరికి ఎనిమిదయింది. రేవులో గోదావరి దాటించే పంటు సిద్ధంగా ఉంది. ఆటోలు, మోటారుసైకిళ్ళు, పాలక్యాన్లు, మనుషులు అందరం ఒకే బల్లచెక్క మీద. సైకిలుకు టికెట్టు నామమాత్రం. నా పక్కన చేపలగంప దించుకుని కూర్చున్న పెద్దావిడ నన్నూ సైకిల్నీ ఎగాదిగా చూసింది.

"ఏ ఊరు బాబూ?"

"హైదరాబాదండీ."

"అక్కణ్ణించి సైకిలు తొక్కడానికొచ్చేవా? ఆ ఊళ్ళో రోడ్లు లేవేటి?"

"ఉన్నాయండీ."

"మరి సుగరా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాల్సింది. నవ్వు రాలేదు. ఆ ముసలమ్మ మీద కాదు నా కోపం. ఇంతమంది రోజూ బతుకు కోసం దాటే రేవును 'చవకైన సాహసం' అని రాసినవాడి మీద.

సఖినేటిపల్లిలో దిగి, మలికిపురం మీదుగా కరుణగారి ఊరు చేరేసరికి పది దాటింది. ఉదయం గాలి లేదు, రోడ్డు హాయిగా ఉంది. ఆవిడ వీధి అరుగు మీదే ఉన్నారు.

"రండి సార్. టిఫిన్ చేసేరా?"

"చేశానండీ."

"ఎప్పుడో చేసుంటారు. కూర్చోండి."

దిబ్బరొట్టె, చెరకుపానకం తెచ్చి పెట్టారు. నేను ఏదో మొదలుపెట్టబోయాను.

"ముందు తినెయ్యండి. తినేటప్పుడు అడగడం మీకు అలవాటు లేదు కదండీ" అన్నారు, ఎంతో మర్యాదగా.

రొట్టె అంతా తిన్నాను. పళ్ళెం తీసేశాక ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"మీ వ్యాసం మా ఊళ్ళో అందరూ చదివేరండి. శాంత భర్త రత్నం అన్నయ్యగారైతే పదిమందికీ చదివి వినిపించేరు. 'చూసేరా, హైదరాబాదు వాళ్ళు చెప్పినా వినలేదంట మన టీచరుగారు, నా భార్య చెయ్యి విరగ్గొట్టింది' అని. అప్పణ్ణించి శాంత మా గడప తొక్కలేదండి. మా ఆయనకి సొంత చెల్లెలు. మంచం మీదున్న వాళ్ళమ్మని చూడాలన్నా, నేను బడికెళ్ళేక వచ్చి, నేను రాకముందే వెళ్ళిపోతుంది."

"మీరు చెప్పలేదా, అలాంటి సూచన ఏదీ ఇవ్వలేదని?"

"చెప్పేనండి. అచ్చులో ఉన్నదానికంటే నా మాటెక్కువా?"

"మిగతావాళ్ళు తొక్కుతున్నారా?"

"ఎవరు పంపిస్తారండీ? సైకిళ్ళన్నీ గోడలకి ఆనుకునున్నాయి. ఒకదాని మీద మిరపకాయలు ఎండబెడుతున్నారు."

తప్పు నాదేనని మళ్ళీ పత్రికలో రాస్తానని చెప్పాను.

"రాయండి. కానీ రేపు గుడి, మా చర్చేనండి, అయ్యేక నాతో శాంత ఇంటికొచ్చి, ముందు నోటితో చెప్పండి. కాగితాన్నైతే ఎవరూ ఎదురడగలేరు కదండీ. అన్నయ్యగారు మిమ్మల్ని నాలుగడగాలి. మీరు నిలబడాలి. శాంత నా ఇంటికి రావాలి. నాక్కావలసింది అంతేనండి."

ఆ సాయంత్రానికి నేను అంతర్వేది దాకా తొక్కాలనుకున్నాను, ఆ రోజు ఆడవాళ్ళు తొక్కిన వేళకే. ఆ మాట చెబితే ఆవిడ లోపలికి వెళ్ళి నాలుగు గిన్నెల కేరేజీ తెచ్చారు.

"తగిలించుకోండి."

చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది. "ఇందులో ఏముందండీ?"

"అన్నం, పప్పు, కూర. ఖాళీది ఊగదండీ."

సరిగ్గా ఒంటిగంటకు బయల్దేరాను. ఊరు దాటేదాకా బాగానే ఉంది. మలికిపురం దాటాక గాలి మొదలైంది. నా పాత వ్యాసంలో 'చల్లని సముద్రపు గాలి' అని రాశాను. అది చల్లగానే ఉంటుంది, చెయ్యి అడ్డంపెట్టి మనిషిని ఆపేసినట్టు కూడా ఉంటుంది. పెడలు మీద లేచి నిలబడితే కేరేజీ మోకాలికి కొట్టుకుంటుంది. కూర్చుంటే సైకిలు కదలదు. హ్యాండిలు ఎడమకు లాగేస్తూ ఉంటుంది, నేను కుడికి తిప్పుతుంటాను, ఆ కుడివైపునుంచే లారీ వస్తుంది. లారీల వెనకనుంచి మంచునీళ్ళు కారి రోడ్డు తడిగా ఉంది. చెరువులకు నీళ్ళు తోడే గొట్టాలను రోడ్డుకు అడ్డంగా పాతి, పైన మట్టి కప్పి వదిలేశారు. కారులో ఆ గట్లు తెలియనే తెలియవు. సైకిలు మీద ప్రతిదానికీ కేరేజీ ఎగిరి చక్రానికి తగిలింది.

నీడ గురించి కూడా చెప్పాలి. 'దారి పొడవునా కొబ్బరితోటల నీడ' అని రాశాను. తోటలున్నాయి. కొన్నిచోట్ల తోటలు పోయి రొయ్యల చెరువులు వచ్చాయి. అక్కడ నీటిని చిలికే చక్రాల చప్పుడు తప్ప మైళ్ళ దూరం ఏమీ లేదు. పిల్లను వెనక కూర్చోబెట్టుకున్న తల్లి ఎక్కడ ఆగాలి? తాగే నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి? ఆడవాళ్ళు అవసరానికి ఎక్కడికి వెళ్ళాలి? నేను గీసిన దారిలో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. సూర్యుడు ఎన్ని గంటలకు మునుగుతాడో మాత్రం నిమిషాలతో సహా ఉంది.

ఒక బడ్డీ దగ్గర ఆగి సోడా అడిగాను. బడ్డీ నడిపే ఆవిడ కేరేజీ వంక చూసింది.

"ఎవరికండీ కేరేజీ? పొలంలో ఉన్నారా?"

"ఎవరికీ కాదండీ."

"ఎవరికీ కాకుండా ఈ ఎండలో మోస్తన్నారా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి చూసి, "ఏవండీ, ఇలా వచ్చి ఈయన్ని చూడండి" అని మొగుణ్ణి కేకేసింది.

శాంతగారు పడినచోటు కరుణగారు గుర్తులు చెప్పి పంపారు. ఒక కల్వర్టు తర్వాత రోడ్డు సన్నబడుతుంది. ఆపక్క చెరువుగట్టు, ఈపక్క రాళ్ళ దిగువ. దిగి నిలబడ్డాను. రెండు లారీలు పోయేదాకా సైకిలు పట్టుకుని నిలబడలేకపోయాను, కేరేజీ అంతలా ఊగింది. ఆ రోజు నేను ఈ చోటు దాటినప్పుడు ఏం చేస్తున్నానో గుర్తుంది. గడియారం చూసుకుని, ఈ ఆడవాళ్ళ వల్ల సూర్యుడు తప్పిపోతాడేమోనని విసుక్కుంటున్నాను.

అంతర్వేది చేరేసరికి చీకటిపడింది. సూర్యాస్తమయం చూడలేదు. గుడికి కాస్త దూరంలో సత్రంలో గది దొరికింది. మంచం, ఫ్యాను, బక్కెట్టు, అంతే, కానీ శుభ్రంగా ఉంది. కేరేజీ విప్పి చూస్తే పప్పు ఒలికి అన్నమంతా పసుపు నీళ్ళయిపోయింది. అదే తిన్నాను.

ఆదివారం తెల్లవారగానే వెనక్కి బయల్దేరాను. గాలి లేదు, లారీలు లేవు, రోడ్డు మీద పాలవాళ్ళూ గుడికి వెళ్ళేవాళ్ళూ తప్ప ఎవరూ లేరు. వెళ్ళడానికి పట్టిన సమయంలో సగం కూడా పట్టలేదు. కాబట్టి మీరు వెళ్తే ఇలా వెళ్ళండి: పొద్దున్నే సముద్రం వైపు, ఎండ తగ్గి గాలి వీపున తోస్తున్నప్పుడు వెనక్కి. కల్వర్టు దగ్గర అందరూ దిగి నడవండి. హ్యాండిలుకు మంచినీళ్ళ సీసా కూడా తగిలించకండి. దారి నిర్ణయించేవాడు మీలో అందరికంటే నెమ్మదిగా తొక్కేవాడై ఉండాలి. ఇదంతా రెండేళ్ళ కిందట ఒక్క రోజు కారు దిగి ఉంటే తెలిసేది. తెలుసుకోనందుకు నాకు క్షమ అవసరం లేదు, చెంపదెబ్బ కావాలి.

అది పదకొండున్నరకు శాంతగారి ఇంట్లో దొరికింది.

చర్చినుంచి అప్పుడే వచ్చినట్టున్నారు. రత్నంగారు తెల్లచొక్కాలో వరండాలో కూర్చుని ఉన్నారు. శాంతగారు గుమ్మంలో నిలబడింది. కరుణగారు లోపలికి రాలేదు, గేటు దగ్గరే ఆగిపోయారు.

నేను నిలబడే చెప్పాను. సూచనలు ఇవ్వలేదని, అబద్ధం రాశానని, వేళ తప్పు, దారి తప్పు, వాళ్ళను వదిలేసి ముందు వెళ్ళిపోవడం తప్పు అని.

రత్నంగారు వేలు చూపించారు. "ఇవాళొచ్చి చెబుతున్నారు. అచ్చేసినప్పుడు చదువుకున్నవాళ్ళు కాదేటండీ మీరు?"

"అప్పుడూ తెలుసండీ. తెలిసే రాశాను."

"తెలిసే!" అని లేచారు. "ఈవిడగారికి బుద్ధుండాలి. ఎవడో ఊరూ పేరూ లేనివాడు రమ్మంటే ఆడాళ్ళని వెంటేసుకుని..."

"అన్నయ్యగారూ, నేను ఆగుదామన్నాను" అన్నారు కరుణగారు గేటు దగ్గర్నుంచి. "గాలి ఎక్కువైంది, దిగి నడుద్దామన్నాను."

"అవన్నీ ఇప్పుడు చెబుతారు."

"అంది" అంది శాంతగారు.

రత్నంగారు తిరిగి చూశారు.

"వదిన ఆగమంది. రెండుసార్లు అంది. నేనే ఆగలేదు. ఈయన ముందెళ్ళిపోయేరు, వచ్చినోళ్ళకి అన్నంవేళకి అన్నం అందకపోతే మన ఊరికి ఎంత నామోషీ అని తొక్కేను."

"మరి నాతో ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే ఏమనేవోరు? 'ఎవడికో అన్నం మోయడానికి వెళ్ళి చెయ్యి విరగ్గొట్టుకున్నావా' అని నన్ను దులిపేసేవోరు. మీరు వదినని తిడుతుంటే నా మీదకి రాలేదు కదా అని ఊరుకున్నాను." తర్వాత నావైపు తిరిగింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ ఏడవడం లేదు. "విరిగింది నా చెయ్యండి. కథలు మాత్రం మీరూ ఈయనా చెప్పుకున్నారు. ఇప్పుడు కూడా మీరిద్దరే మాట్లాడుకుంటున్నారు."

ఆవిడ కుడిచెయ్యి ఎత్తి చూపించింది. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. "జడ మా అమ్మాయి వేస్తుందండి. ఇది రాయండి మీ పుస్తకంలో."

రాశాను.

రత్నంగారు చొక్కా సర్దుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు. క్షమించమని ఆయన కరుణగారిని అడగలేదు, తర్వాత అడిగారో లేదో నాకు తెలియదు. శాంతగారు మెట్లు దిగి గేటు దాకా వెళ్ళింది. కరుణగారి ముందు నిలబడి, "అమ్మకి కాళ్ళవాపు తగ్గిందా వదినా?" అంది.

"ఎడంకాలు తగ్గింది. కుడిది అలాగే ఉంది."

"పద, చూస్తాను" అని, చెప్పులు వేసుకుని ఆవిడతో పాటు రోడ్డెక్కింది.

నన్ను ఎవరూ కూర్చోమనలేదు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. కోనసీమలో గుమ్మం దాకా వచ్చిన మనిషికి అలా జరగడం నేనెప్పుడూ వినలేదు. సైకిలు నడిపించుకుంటూ ఇద్దరి వెనకా వెళ్ళాను. ఊరి మొదట్లో కరుణగారు ఆగారు.

"రాస్తారు కదండీ?"

"రాస్తానండీ."

"అన్నీ రాయండి. మా పేర్లు కూడా రాసుకోండి, ఈ పేర్లు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. ఊరి పేరు మాత్రం రాయకండి."

"ఎందుకండీ?"

"మళ్ళీ మీలాంటోళ్ళు వస్తారండి" అన్నారు. అదే మర్యాద, అదే గొంతు. "వస్తే మేం వండకుండా ఉండలేం."

మూడింటికి పంటు మీద రేవు దాటాను. షాపాయనకు సైకిలు అప్పజెబితే ముందుచక్రం చువ్వలు రెండు వంగాయని చూపించాడు, దానికి డబ్బు కట్టాను. సాయంత్రం రైలు ఎక్కాను. కిటికీ పక్కన కూర్చుని ఈ రెండు రోజులూ తలుచుకుంటే, ఎక్కడ ఎంతసేపు ఆగానన్నది కాదు, ఎక్కడెక్కడ ఆగకుండా పోయానన్నదే గుర్తుకొస్తోంది. కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు.

భీమవరం దాటాక మా బృందం నిర్వాహకుడు ఫోన్ చేశాడు. దారి సరిచేశానని విని సంబరపడ్డాడు. వచ్చే చలికాలం ఇరవై కుటుంబాలు సిద్ధంగా ఉన్నాయన్నాడు.

"ఆ టీచరుగారి ఊరేదో మర్చిపోయాను, మెసేజి పెట్టు. ఆ భోజనం మనవాళ్ళింకా తలుచుకుంటున్నారు. ముందే చెప్పి ఉంచుదాం."

"పెట్టను" అన్నాను.

"అదేంటి? మరి అంతమందికి అన్నం?"

"ఎవరి అన్నం వాళ్ళే మోసుకెళ్ళండి" అని ఫోన్ పెట్టేశాను.